మైలగాడి కొమ్ము

పత్తి లారీలు ఆదోని రోడ్డంతా బిగించేసిన మధ్యాహ్నం
ఉరుకుందప్ప మానిటరును దుప్పట్లో చుట్టుకొని వచ్చినాడు,
జ్వరమొచ్చిన పిల్లోణ్ణి ఎత్తుకొచ్చినట్టు.
కౌంటరు మీద దించి, ముడి విప్పి,
"పాపా, దీనికి పైనా కిందా చచ్చుబడింది.
సినిమా ఏస్తే నడిమధ్యే బతికుంటాది" అన్నాడు.

తీగ తగిలించినాను.
అంచుల దాకా తెల్లగా వెలిగింది తెర.
జబ్బేమీ లేదు.
చొక్కా జేబులోంచి పెన్ డ్రైవు తీసిచ్చినాడు.
బొమ్మ మొదలైంది. వచ్చినాయి,
గొంగడి అంచుల్లా రెండు నల్ల పట్టీలు.

ఎట్ల చెప్పాల?
ఈ తెర పదహారు వెడల్పు, తొమ్మిది ఎత్తు.
సినిమావాళ్లు తీసింది పదహారుకు ఏడు కూడా లేదు.
నులకమంచం మీద అడ్డంగా తువ్వాల పరిచినట్టు పెద్దయ్యా,
పక్కలకు సరిపోయింది,
తలకాడా కాళ్లకాడా నులక కనపడతాది.
వాళ్లు తీయని ఆకాశాన్ని, వాళ్లు తీయని నేలను
నేను యాడనుంచి తెచ్చేది?

మా అబ్బా టాకీసులో పనిచేసేటోడు.
సినిమా వెడల్పును బట్టి తాడు లాగి
తెర పక్కన నల్లగుడ్డ జరిపేటోడు.
నలుపు ఆడా ఉండేది. గుడ్డను ఎవరూ రోగమనలేదు.
ఆ హాలునిండా ఇప్పుడు పత్తి బేళ్లు.

విన్లేదు.
"దుడ్లు అద్దమంతటికీ ఇచ్చినా గదా పాపా.
నింపు."

నింపినాను. ఒక మీట, అంతే.
బొమ్మ ఉబ్బి పట్టీల్ని మింగేసింది.
ఉరుకుందప్ప మొగం కూడా ఆ మేరకు వెడల్పైంది.
"ఇరవై మూడో నిమిషానికి పో" అన్నాడు.
సంత సీను. గాజుల అంగడి, జనం, దుమ్ము.
ఎడమ కొసకు వంగినాడు, ఇంకా వంగినాడు,
ముక్కు అద్దానికి తగిలింది.
"యాడ పాయె?"
"ఎవరు?"
"మైలగాడు."

ఆ యేడు సినిమావాళ్లు వాళ్లూరి గుట్ట కిందికొచ్చి
బండి కావాలన్నారంట, ఎద్దులతో సహా.
తొమ్మిది దినాలు. దినానికి నూటయాభై, ఒక గుడ్డన్నం పొట్లం.
వలపటెద్దును ఎవడో బండి చాటుకు తోసినాడు,
దాపటెద్దు మాత్రం నిలబడింది, సరిగ్గా కొసన.
తర్వాత రెండేండ్లు వాన లేదు.
ఎమ్మిగనూరు జాతరలో పలుపు చేయి మారింది.
"ఫోటో ఒకటన్నా లేదు పాపా.
ఈండ్ల సినిమాలోనే ఉండాడు,
మూడు లెక్కపెట్టేంతసేపు."

అద్దం నిండాలంటే
బొమ్మకు పక్కలు తెగాల.
తెగిన ముక్కలోనే నిలబడుంది ఆ ఎద్దు.

ఇంకో ఉపాయం ఉందిలే అని
తెంచకుండా నిలువుకు సాగదీసినాను.
హీరో ఈతచెట్టైనాడు. గాజులమ్మ మెడ జిరాఫీ.
కొసన ఒంటె కాళ్ల మీద ఏదో జీవం.
ఉరుకుందప్ప చానాసేపు చూసి
"ఇది ఎవరిదో ఎద్దు" అన్నాడు.

మళ్లీ పాతదే పెట్టినాను.
పైనొక పట్టీ, కిందొక పట్టీ.
ఆ సందులో, ఎడమ చివర,
కిందికి వంకరపోయిన కొమ్ము.
సగం మూపురం.
ఈగను తోలుకుంటా ఒక చెవి.

ముందర హీరో ఎవర్నో కొడుతున్నాడు.
మేమిద్దరం ఆ పక్క చూడలేదు.

ఏడుసార్లు వెనక్కి తిప్పించినాడు.
ఎనిమిదోసారి తనే మౌసు పట్టుకున్నాడు,
ములుకర్ర పట్టినట్టు.
నేను యాభై తీసుకున్నాను, అబద్ధమెందుకు.

దుప్పటి చుడుతూ, ముడేస్తూ,
గడప దాటబోతూ ఆగి అడిగినాడు:
"ఆ నలుపుకు గూడా కరెంటు కాలుతాదా?"

కాలుతాది పెద్దయ్యా.
ఈ రకం తెరలో నలుపంటే ఆరిపోవడం కాదు.
రాత్రి లైటు తీసి చూడు,
పట్టీ వెనక సన్నగా బూడిదరంగు.
దీపం వెలుగుతూనే ఉంటాది,
తలుపు మూసుకొని.